తరగతి గదిలో మాయాలోకం: నీళ్లెవరివి?

ఉపాధ్యాయ మిత్రులలో ఇటీవల ఒక వివాదం బయలుదేరింది. కంప్యూటరు తెర మీద ఒక కల్పిత లోకాన్ని చూపించి, అందులో పిల్లల్ని తిప్పి, వాళ్ల చేత కట్టించి, కూల్పించి పాఠం నేర్పవచ్చునా, కూడదా అన్నది ఆ వివాదం. నేర్పవచ్చుననేవారు ఇది విద్యలో విప్లవమంటున్నారు. కూడదనేవారు ఇది సామ్రాజ్యవాదం పంపిన కొత్త నల్లమందు అంటున్నారు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు మెట్టపల్లెల పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న నాబోటివాడికి ఈ రెండు వాదాలూ రుచించలేదు. రెంటిలోనూ ఒకే లోపం కనిపిస్తున్నది. ఆ లోకం ఎవరిది? అందులోని నియమాలు ఎవరు చేశారు? అందులో మన పిల్లవాడి స్థానమేమిటి? ఈ ప్రశ్నలు ఉభయులూ వేయడం లేదు. ఈ ప్రశ్నలు వేయని పొగడ్త అమ్మకందారు ప్రకటనగా మిగిలిపోతుంది. వేయని తెగడ్త ఉత్త ఛాందసమవుతుంది.

ముందు విషయమేమిటో చూద్దాం. ఈ రకపు ఆటలలో ప్రపంచమంతటా పేరు మోసింది మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశంలో 2009లో మొదలై, 2011లో పూర్తిరూపంలో విడుదలైంది. అదే సంవత్సరంలో కొందరు ఉపాధ్యాయులూ, కార్యక్రమ రచయితలూ కలిసి దానికి బడులలో వాడదగిన రూపమొకటి కల్పించారు. 2013 నాటికి స్టాక్‌హోమ్‌లోని ఒక పాఠశాల తన పిల్లలకు ఈ ఆటను నిర్బంధ పాఠ్యాంశం చేసింది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ 250 కోట్ల డాలర్లిచ్చి ఆటనూ, ఆటను కన్న కంపెనీనీ కొనేసింది. 2016లో ఉపాధ్యాయులు తయారుచేసుకున్న బడిరూపాన్ని కూడా కొని, దాని స్థానంలో తన స్వంత విద్యా ప్రతిని విడుదల చేసింది. అప్పటినుంచీ ఆ తరగతి గదిలోకి పోవాలంటే తలకింత అని యేటేటా చెల్లించాలి. కంపెనీ ఇచ్చిన పేరుతో, కంపెనీ గుమ్మం గుండా పోవాలి. ఉపాధ్యాయుల చేతులలో పుట్టిన పనిముట్టు అయిదేళ్లలో కంపెనీ ఖాతాలో ఆస్తిగా జమ అయిన కథ ఇది. ఇందులో విడ్డూరమేమీ లేదు. ఉమ్మడి బీడు ఎవరి పట్టాలోకి పోతున్నదో చూసినవాళ్లకు ఈ తంతు తెలిసిందే.

ఆట స్వరూపం సులభమైనది. లోకమంతా ఘనాకారపు దిమ్మెలతో నిండివుంటుంది. మట్టి ఒక దిమ్మె, రాయి ఒక దిమ్మె, చెట్టు మాను ఒక దిమ్మె. పిల్లవాడు వాటిని తవ్వుతాడు, పేరుస్తాడు, కడతాడు. ఘనపరిమాణం, వైశాల్యం, నిష్పత్తి ఇందులో చక్కగా బోధపడతాయి. పుస్తకంలో బొమ్మగా చూసి బోర్లపడే విద్యార్థికి, తాను కట్టిన గోడకు ఎన్ని దిమ్మెలు పట్టాయో లెక్క వేయడం కష్టమనిపించదు. నలుగురు కలిసి కట్టవలసి వచ్చినప్పుడు పని పంచుకోవడం నేర్చుకుంటారు. ఈ గుణాలను కాదనడం సత్యాన్ని కాదనడమే.

ఐతే ఆ లోకంలో ఇంకా ఏమేమి నేర్పబడుతున్నదో కూడా చూడాలి. అక్కడ భూమికి యజమాని లేడు. పిల్లవాడు ఎక్కడ దిగితే అక్కడ నేల వాడిదే. చెట్టును నరికి, ఒక మాను దిమ్మెను పెట్టెలో వేస్తే తక్షణమే నాలుగు పలకలవుతాయి. ఉదయగిరిలో నర్ది కర్రతో, బిక్కి కర్రతో గరిటెలూ చెంచాలూ చెక్కే స్త్రీలను అడగండి, పలక కావడానికి ముందు కర్ర ఎంత శ్రమను తాగుతుందో వారు చెబుతారు. ఆ చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెక్కే చేతులకు ఎంత కూలి గిట్టుతున్నదన్నది వేరే లెక్క. ఆటలో ఆ లెక్కే లేదు. ఆటలో గ్రామాలున్నాయి, గ్రామస్థులున్నారు. వాళ్లకు వృత్తులున్నాయి గాని మాట లేదు. బయటినుంచి వచ్చినవాడితో బేరం చేయడానికి మాత్రమే వాళ్లు నిలబడివుంటారు. వాళ్లకు కష్టం లేదు, కరువు లేదు, సంఘం లేదు. ఒంటరివాడు దీవిలో దిగి, అంతా తన చెమటతోనే సంపాదించుకున్నాడనే రాబిన్సన్ క్రూసో కథ మీద పెట్టుబడిదారీ అర్థశాస్త్రవేత్తలకెంత మమకారమో మార్క్స్ తన 'పెట్టుబడి' గ్రంథంలో ఎత్తిచూపి పరిహసించాడు. ఆ క్రూసోకే ఇప్పుడు తెర దొరికింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది నీళ్ల సంగతి. ఆ ఆటలో నాలుగు దిమ్మెల చదరపు గుంట తవ్వి, ఎదురెదురు మూలలలో రెండు బకెట్ల నీళ్లు పోస్తే చాలు. ఆ గుంట ఇక యెన్నడూ ఎండదు. ఎంత తోడినా తిరిగి నిండుతుంది. ఉదయగిరి మెట్టలో పుట్టిన పిల్లవాడికి ఇంతకన్న పెద్ద అబద్ధం మరొకటి చెప్పలేము. వాడి ఊళ్లో బోరు వేస్తే దుమ్ము వస్తుంది, వచ్చిన నీళ్లలో ఫ్లోరైడు వుంటుంది. ఆత్మకూరు దాపున పెన్న మీద 78 టి.ఎం.సి.లు పట్టే సోమశిల జలాశయం వున్నది. దాని నీరు కిందికి, కాలువల వెంట డెల్టా వరిచేలకు పారుతుంది. ఎత్తున వున్న ఉదయగిరి పల్లెల వైపు అది తనంతట తాను ఎక్కిరాదు. ఆ పల్లెలు ఆశ పెట్టుకున్న వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. దాని సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024లో. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లవాడు బడి ముగించి, బెంగుళూరుకో మద్రాసుకో కూలికి పోయి, తన పిల్లల్ని బడిలో వేసే వయసుకు వచ్చాడు. రెండు బకెట్లతో తరగని నీళ్లు పుట్టించే లోకాన్ని ఆ పిల్లల ముందు పెట్టి, "ఇది భూగోళ పాఠం" అని ఏ ఉపాధ్యాయుడైనా అనగలడా?

పొగిడేవారు దీనికి చెప్పే సమాధానం ఒకటే: "ఆటను ఆటగా చూడండి. మన పిల్లలు ప్రపంచ పౌరులు కావాలి, కొత్త సాధనాలు అందాలి." సాధనాలు అందిన తీరు మనం చూశాము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 4,59,564 మంది యెనిమిదో తరగతి పిల్లలకూ, 59,176 మంది ఉపాధ్యాయులకూ టాబ్‌లు పంచింది. అందులో పాఠాలు బైజూస్ కంపెనీవి, ఉచితమన్నారు. పేదపిల్లవాడి చేతికి ఒక యంత్రం రావడాన్ని నేను తప్పుపట్టను. ధనికుల పిల్లలకు వున్నది మనవాళ్లకూ వుండవలసిందే. కాని పాఠం ఎవరిది? దానిని దిద్దే హక్కు ఉపాధ్యాయుడికి వున్నదా? ఉదయగిరి పేరు, పెన్న పేరు అందులో చేర్చే వీలున్నదా? ఈ ప్రశ్నలకు ఆనాడు చోటు లేకపోయింది. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. తరగతి గదిని ఒక కంపెనీ ఆయుష్షుకు ముడివేయడం ఎంత ప్రమాదమో దీనికి మించిన రుజువు అక్కర్లేదు. టాబ్‌లు పంచిన ఆ 2022లోనే 117వ నంబరు జీవో కింద ప్రాథమిక పాఠశాలల మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించారు. ఒక చేత్తో తెర, మరొక చేత్తో బడి దూరం. ఆ జీవోను తరవాతి ప్రభుత్వం వెనక్కి తీసుకున్నది. కాని పాఠం మాత్రం మనకు మిగిలింది: ఉపాధ్యాయుణ్ణి తగ్గించడానికి వచ్చే యంత్రం వేరు, ఉపాధ్యాయుడి చేతికి వచ్చే యంత్రం వేరు.

ఇక తెగడేవారి సంగతి. వీరు మనవాళ్లే. వీరి ఆగ్రహంలో న్యాయం లేకపోలేదు. 1957 నాటి 'మాయాబజార్' చిత్రంలో ప్రియదర్శిని అనే పెట్టె వున్నది. మూత తీస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనిపిస్తుంది. నేటి తెరలు వ్యాపారానికి ఆ పెట్టెనే అరువు తెచ్చుకున్నాయి. పిల్లవాడికి ఏది ఇష్టమో కనిపెట్టి, అదే చూపించి, చూస్తున్న ప్రతి గంటనూ డబ్బు చేసుకుంటున్నాయి. కళ్లూ, నిద్రా, చదువూ పాడవుతున్నాయని తల్లులు వాపోవడం నిజం. కాని అందువల్ల కల్పిత లోకమే బడికి పనికిరాదని తీర్పు చెబితే మనం మన చరిత్రనే మరిచినవాళ్లమవుతాము. కథ కల్పిత లోకం కాదా? నాటకం కాదా? బుర్రకథ కాదా? అభ్యుదయ సాహిత్యమంతా కల్పించిన మనుషుల ద్వారా నిజమైన మనుషులను కదిలించే ప్రయత్నమే కదా?

ఇందుకు నిదర్శనం కోసం విదేశాలు తిరగనక్కరలేదు. ఉదయగిరి నియోజకవర్గంలోనే, కలిగిరి మండలంలో దూబగుంట వున్నది. 1990 దశాబ్దం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలూ, ఉపాధ్యాయులూ, యువకులూ పల్లె పల్లెకూ తిరిగారు. రాత్రిబడి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం వున్నది. సారా వల్ల సంసారం చితికిన పల్లె స్త్రీ కథ అది. సీతమ్మ అనే మనిషి లేదు. ఆమె కాగితం మీది మనిషి. కాని ఆ పాఠం చదివిన స్త్రీలు సీతమ్మను తమ వీథిలోనే గుర్తుపట్టారు. దూబగుంటలో సారాకొట్టు మూతపడింది. రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినిపించింది. ఆ తరవాతి పుస్తకంలో ఆ స్త్రీల పోరాటమే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమైంది. ఆ పాఠం మరిన్ని ఊళ్లను కదిలించింది. 1992లో సారా వేలంపాటలు జరగనీయకుండా జిల్లా స్త్రీలు అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం చట్టమైంది. ఆ చట్టాన్ని 1997లో సడలించారన్నదీ నిజమే. కాని ఒక కల్పిత లోకం నిజలోకాన్ని కుదిపిందన్నది చెరిగిపోదు.

ఆ పాఠానికి అంత శక్తి ఎక్కడినుంచి వచ్చింది? అచ్చు బాగున్నందువల్ల కాదు, బొమ్మలు బాగున్నందువల్ల కాదు. మూడు కారణాలున్నాయి. మొదటిది, ఆ లోకం చదివేవాళ్లదే. అందులోని కష్టం వాళ్లెరిగిన కష్టమే. రెండవది, ఆ పాఠం చర్చకు తలుపు తెరిచింది. రాత్రిబడిలో చదవడంతో సరిపెట్టక మాట్లాడుకున్నారు. మూడవది, ఆ లోకంలోనుంచి బయటికి దారి వున్నది. పుస్తకం మూసి వీథిలోకి నడిచి సారాకొట్టు దగ్గరకు పోవచ్చు. తెర మీది లోకమైనా, కాగితం మీది లోకమైనా బడిలోకి రావాలంటే ఈ మూడు పరీక్షలూ గెలవాలి. దీనిని నేను దూబగుంట పరీక్ష అంటాను.

ఈ పరీక్షకు నిలబడే సాధనం వున్నదా? వున్నది. 2010లో ఫిన్లండు దేశస్థుడు పెర్తు అహోలా మైన్‌టెస్ట్ అనే దిమ్మెల లోకాన్ని ప్రారంభించాడు. 2024లో దానికి లువాంటి అని పేరు మార్చారు. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. వెల లేదు. దానిని విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. ఇంటర్నెట్టు లేకుండా పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. ఆ లోకపు నియమాలు లువా అనే భాషలో రాసివుంటాయి. ఆ భాష 1993లో బ్రెజిల్ దేశంలో, రియో డి జనీరోలోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. మైన్‌క్రాఫ్ట్‌లో కూడా పిల్లలు కార్యక్రమాలు రాయడానికి ఏర్పాట్లున్నాయి, కాదనను. కాని అక్కడ కంపెనీ తెరిచిన గదులలోనే తిరగాలి. ఇల్లు విప్పి మళ్లీ కట్టి ఊరికి పంచే హక్కు అద్దెకున్నవాడికి వుండదు.

నేను యెనిమిదో తరగతికి ఒక పాత కంప్యూటరు మీద, గోడకు వేసిన వెలుగుతో దీనిని పరిచయం చేశాను. మొదట తేలిన సత్యం తెర మీదిది కాదు, గదిలోది. మౌస్ ఎవరి చేతికి పోయింది? ఇంట్లో మంచి ఫోనున్న మగపిల్లల చేతికి. ఆడపిల్లలూ, యానాది పిల్లవాడూ వెనక బల్ల మీద ప్రేక్షకులయ్యారు. లోకం కల్పితమే, అందులో అధికారం మాత్రం అచ్చంగా ఊళ్లోదే. అందుచేత ఒక నియమం పెట్టుకున్నాము: మౌస్ పట్టుకున్నవాడు నిర్ణయించకూడదు; నిర్ణయించేది తరగతి, పట్టుకున్నవాడు దాని కూలివాడు; వంతులు వెనక బల్ల నుంచి మొదలు. ఈ నియమం లేకుండా ఏ యంత్రం తెచ్చినా అది ముందుబల్లకే పాఠం చెబుతుంది.

రెండవ పాఠం ఉదయగిరి దుర్గం. 1513, 1514 సంవత్సరాలలో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఆ కోటను సుమారు ఏడాదిన్నర ముట్టడించి పట్టుకున్నాడని పుస్తకం చెబుతుంది. పిల్లలు కొండనూ కోటనూ దిమ్మెలతో కట్టారు. కట్టేటప్పుడు ఒక బాలిక అడిగింది: "సార్, ఏడాదిన్నర పైనున్నోళ్లు ఏ నీళ్లు తాగారు?" చరిత్ర పుస్తకం రాజుల పేర్లు చెప్పింది గాని ఈ ప్రశ్న వేయలేదు. కడితేనే పుట్టే ప్రశ్న ఇది. ఒకడు వెంటనే గుంట తవ్వి రెండు బకెట్లు పోశాడు. నీళ్లు నిండాయి. తరగతి ఒప్పుకోలేదు. "ఇది అబద్ధం సార్, మా బోరే ఎండిపోయింది" అన్నాడు మరొకడు.

అప్పుడు ఆట నియమాల పత్రాన్ని తెరిచాము. నీళ్లు తమంతట తాము తిరిగి పుడతాయా అనే చోట 'అబద్ధం' అని అర్థమిచ్చే మాట ఒకటి ఒక్క పంక్తిగా చేర్చాము. ఆ తరవాత ఆ గుంట కొత్త నీళ్లను పుట్టించడం మానుకున్నది. పారే నీరు ఇంకా నిజమైన నీటిలాగ తగ్గడం లేదన్న లోపాన్ని కూడా పిల్లలే పట్టుకున్నారు. నీళ్లు తరిగే లోకంలో సోమశిలను కట్టడం మొదలుపెట్టేసరికి ప్రశ్నలు మారిపోయాయి. గోడ ఎక్కడ? గోడకు పైన, కడప జిల్లా వైపు మునిగే ఊళ్లను ఎక్కడికి పంపాలి? ముందు ఎవరి కాలువకు వదలాలి? పల్లపువాడికి నీరు ఊరికే పోతుంటే మెట్టవాడికి ఎత్తిపోయడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి? రెండు జట్లు పోట్లాడుకున్నాయి. ఆ పోట్లాటకు మించిన పౌరశాస్త్రాన్ని నా ఉద్యోగంలో నేను చెప్పలేదు.

ఇక్కడ అసలు విషయం వున్నది. నీళ్లు తరగవన్నది ప్రకృతి నియమం కాదు, ఎవరో రాసిన పంక్తి అని పిల్లవాడు తెలుసుకున్నాడు. రాసినదాన్ని తిరిగి రాయవచ్చుననీ తెలుసుకున్నాడు. ఊళ్లో నీటి పంపకం, భూమి పంపకం, కూలిరేటు కూడా దేవుడు రాసిన రాతలు కావు. మనుషులు తమ ప్రయోజనాల కోసం రాసుకున్న నియమాలే. ఈ ఎరుక కలిగించని మాయాలోకం పిల్లవాణ్ణి మయసభలోని దుర్యోధనుణ్ణి చేస్తుంది. నేల అనుకుని నీళ్లలో పడతాడు, నవ్వులపాలవుతాడు. సభ కట్టిన చెయ్యి ఎవరిదో మాత్రం అడగడు.

అభ్యంతరాలు చాలా వుంటాయి. కరెంటు వుండదు, కంప్యూటర్లు చెడితే బాగుచేసేవాడు లేడు, సిలబసు ముగియదు, పరీక్షలో ఈ ప్రశ్న రాదు. అన్నీ నిజాలే. కనుకనే ఇది ఒక ఉపాధ్యాయుడి ముచ్చటగా మిగలకూడదు. మన ఉపాధ్యాయ సంఘాల కోరికలలోకి ఎక్కాలి. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏనాడో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించి, ఉపాధ్యాయుల చేతనే దానిని తమ భాషలోకి, తమ పాఠాలలోకి తెచ్చుకున్నాయి. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు? ప్రజాధనంతో కొనే ప్రతి యంత్రంలోనూ ఉపాధ్యాయుడు దిద్దగలిగే పాఠం వుండాలని అడుగుదాం. పిల్లల పేర్లూ, మార్కులూ, చూపులూ ఏ కంపెనీకీ అమ్ముడుపోకూడదని అడుగుదాం. దిమ్మెల పేర్లు తెలుగులో, మన మాండలికంలో వుండాలని అడుగుదాం. అన్నిటికన్నా ముందు, ఖాళీ పోస్టులలో ఉపాధ్యాయుల్ని వేయమని అడుగుదాం. ఆ బాలిక ప్రశ్నను పట్టుకుని పాఠంగా మలచడానికి తరగతిలో ఒక మనిషి వుండాలి.

విద్యార్థి మిత్రులకొక మాట. మీ చేతికి ఏ లోకమిచ్చినా, ఎంత అందమైనదిచ్చినా, మొదట దాని నియమాల పత్రం చూపమని అడగండి. చూపనంటే అనుమానించండి. చూపిస్తే చదవండి. చదివి, మీ ఊరి నీళ్లతో పోల్చి చూడండి. పోలకపోతే దిద్దండి. దిద్దినదాన్ని పక్క ఊరి బడికి పంచండి. తరవాత యంత్రం కట్టేసి, కాలువగట్టు మీదికి నడవండి.